మూసీ నది, హైదరాబాదు నగరం: నీటి చరిత్రలో వర్గ చరిత్ర

హైదరాబాదు నగర చరిత్రను గురించి సాధారణంగా రెండు రకాల కథనాలు ప్రచారంలో వున్నాయి. మొదటిది ప్రణయగాథ. గోల్కొండ యువరాజు మహమ్మద్ కులీ పొంగుతున్న మూసీని గుర్రంమీద దాటి చించలం గ్రామంలోని భాగమతి దగ్గరకు వెళ్ళేవాడనీ, కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా నదిమీద వంతెన కట్టించాడనీ, ఆ ప్రేమకు గుర్తుగానే తర్వాత నగరం వెలిసిందనీ ఈ కథ చెబుతుంది. ఆ వంతెన, అంటే పురానాపూల్, 1578లో పూర్తయింది. యువరాజు పుట్టింది 1565లో. పదమూడేళ్ళ బాలుని ప్రణయం కోసం అంత పెద్ద రాతి వంతెన కట్టారని నమ్మడం కంటే, గోల్కొండ కోట నుంచి మచిలీపట్నం రేవుకు పోయే సరుకుల బాటకు వానాకాలంలో కూడా నదిని దాటే వసతి కావలసివచ్చిందని గ్రహించడం చరిత్ర విద్యార్థికి ఎక్కువ సబబు.

రెండవది పోషకుల కథ. ఫలానా సుల్తాను చెరువు తవ్వించాడు, ఫలానా నవాబు ఆస్పత్రి కట్టించాడు, ఫలానా ఇంజనీరు వరదను అరికట్టాడు, ఫలానా ముఖ్యమంత్రి పరిశ్రమలు తెచ్చాడు అని ఈ కథ వరసగా సాగిపోతుంది. చెరువు తవ్విన చేతులు గాని, వరదలో పోయిన ప్రాణాలు గాని, ఆ పరిశ్రమల మురుగు పారిన పొలాలు గాని ఇందులో కనిపించవు. పాఠ్యపుస్తకాలలో వున్నది చాలావరకు ఈ కథే.

ఈ రెండింటినీ పక్కనపెట్టి, నగర చరిత్రను దాని రాతినుంచీ నీటినుంచీ మొదలుపెట్టి చూడాలని ఈ వ్యాసంలో నా ప్రయత్నం. నీరు ఎవరికి దక్కింది? వరద ఎవరిమీద పడింది? మురుగు ఎవరి పొలాలకు చేరింది? ఈ మూడు ప్రశ్నలను ప్రతి యుగానికీ వేయవచ్చు. నాలుగు వందల ఏళ్ళలో పాలకులు మారారు, భాషలు మారాయి, రాజ్యాంగాలు మారాయి. ఐనా ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు మాత్రం ఎందుకు అంతగా మారలేదన్నదే అసలు విచారించవలసిన విషయం.

1

హైదరాబాదు దక్కను పీఠభూమిమీద, సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున వున్నది. నేల కింద వున్నది సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి నల్లసేనపు రాయి, అంటే గ్రానైటు. ఎండకూ వానకూ పగిలి, పొరలు రాలి, ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు నిలిచిన గుండ్లు ఈ ప్రాంతపు ప్రత్యేకత. ఈ రాయి నీటిని ఇంకించుకోదు. పగుళ్ళలో మాత్రమే కొంత నిలుపుకుంటుంది. అందువల్ల పడిన వాన పడినట్లు పల్లానికి పారిపోతుంది. మూసీ కూడా ఏడాది పొడవునా నిండుగా పారే నది కాదు. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఈ నది వేసవిలో ఇసుకపాయ, వానాకాలంలో ఒక్కోరోజు మహాప్రవాహం.

ఇటువంటి నేలమీద బ్రతకడానికి తెలంగాణ రైతాంగం కనిపెట్టిన ఉపాయం గొలుసుకట్టు చెరువు. రెండు గుట్టల మధ్య పల్లంలో కట్ట వేస్తారు. ఆ చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు నీరు చేరుతుంది. అది నిండితే ఇంకా కిందికి. కాకతీయుల కాలానికే ఈ పద్ధతి పరిపక్వ స్థితికి వచ్చింది. ఇక్కడ గమనించవలసినది ఏమంటే, గొలుసుకట్టులో ఏ చెరువూ ఒంటరిది కాదు. పైచెరువు కట్ట తెగితే కిందిచెరువు తట్టుకోలేదు. పైచెరువు అలుగుదారి మూస్తే కింది ఊరు ఎండుతుంది, లేదా మునుగుతుంది. కనుక ఈ వ్యవస్థకు ఊళ్ళ మధ్య ఒప్పందం కావాలి. ఏటేటా పూడిక తీసే శ్రమ కావాలి. తూము కాచే నీరటికాడు కావాలి. రాతిపని, మట్టిపని వచ్చిన వడ్డెరలు కావాలి. రాజుల పేర్లు శాసనాల్లో వున్నాయి. ఈ వడ్డెరల, నీరటికాండ్ర పేర్లు ఏ శాసనంలోనూ వెతికినా దొరకవు.

ఈ తరతరాల అనుభవంమీదనే కుతుబ్‌షాహీలు తమ జలవ్యవస్థను నిర్మించుకున్నారు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో 1562లో హుస్సేన్ సాగర్ కట్టారు. మూసీ నుంచి కాలువ తీసి దాన్ని నింపారు. గోల్కొండ కోటకు దుర్గం చెరువు వంటి చెరువుల నుంచి మట్టిగొట్టాల ద్వారా నీరు తెచ్చి, చక్రాలతో అంచెలంచెలుగా కొండమీదికి ఎక్కించారు. పైన బాలాహిసారులో ప్రభువు జలకమాడే నీరు కింద ఎడ్లూ మనుషులూ తిప్పిన చక్రాల మీద ఎక్కివచ్చిన నీరన్నమాట. ఆ ఇంజనీరింగు నైపుణ్యాన్ని నేను తక్కువచేసి చెప్పడం లేదు. ఆ నైపుణ్యం ఎవరిదో, దాని ఫలం ఎవరికి చేరిందో వేరువేరుగా చెప్పుకోవాలంటున్నాను.

2

పదహారవ శతాబ్దం చివరికి గోల్కొండ కోట జనంతో కిక్కిరిసిపోయింది. నీటి ఎద్దడి, అంటువ్యాధులు పెరిగాయి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నది దక్షిణ తీరాన కొత్త నగరానికి పునాది వేశాడు. దాని రూపకల్పనలో పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ ముఖ్యుడు. నడుమ చార్మినార్, నాలుగు దిక్కులకూ నాలుగు వీధులు, చుట్టూ తోటలు. పదిహేడవ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికులు టావెర్నియే, థెవెనో ఈ తోటలను చూసి ఎంతో మెచ్చుకున్నారు.

ఐతే ఈ తోటలకు పెట్టుబడి ఎక్కడినుంచి వచ్చింది? కృష్ణాతీరంలోని కొల్లూరు వజ్రాల గనినుంచి, కోస్తా నేతగాళ్ళ మగ్గాలనుంచి, తెలంగాణ రైతు చెల్లించిన శిస్తునుంచి వచ్చింది. కొల్లూరు గనిలో అరవై వేల మంది దాకా పనిచేస్తున్నారని టావెర్నియేయే రాశాడు. మగవాళ్ళు తవ్వేవారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోసేవారు. గోల్కొండ వజ్రమని ప్రపంచమంతటా పేరుపొందిన రాయి గోల్కొండలో దొరికింది కాదు. గోల్కొండ దాన్ని అమ్మిన అంగడి మాత్రమే. రాజధాని అనేది ఇలాగే ఏర్పడుతుంది. దూరాన పుట్టిన సంపద ఒకచోట గుమిగూడి, తాను పుట్టిన చోటును మరిపించి, తన పేరును అక్కడ చెక్కుకుంటుంది.

1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. తర్వాత ఆసఫ్‌జాహీలు వచ్చారు. 1763లో నిజాం అలీఖాన్ తన రాజధానిని ఔరంగాబాదునుంచి హైదరాబాదుకు మార్చాడు. 1798లో ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒడంబడిక కుదిరింది. నగర భూగోళాన్ని మార్చివేసిన ఒడంబడిక ఇది. నది ఉత్తర తీరాన, ఇప్పుడు కోఠీ అంటున్న చోట, నిజాం ఖజానా సొమ్ముతోనే బ్రిటిష్ రెసిడెంటుకు మహాసౌధం లేచింది. 1806లో హుస్సేన్ సాగర్‌కు అవతల సికింద్రాబాదు వెలిసింది. ఎత్తైన, గాలి తగిలే మెరకను కంపెనీ సైన్యానికి కేటాయించారు. నదీతీరపు పల్లంలో నగరపు చేతిపనులవాళ్ళు, నేతగాళ్ళు, కూలీలు కిక్కిరిసి బ్రతికారు. చెరువులు, దోమలు, మలేరియా రెండువైపులా వున్నాయి. 1897లో రొనాల్డ్ రాస్ మలేరియాను దోమ మోసుకుపోతుందని కనిపెట్టింది ఈ సికింద్రాబాదులోనే. ఐతే వైద్యమూ పారిశుద్ధ్యమూ ముందుగా అందింది ఎవరికో వేరే చెప్పనక్కరలేదు.

ఈ కాలపు చెరువుల్లో మీర్ ఆలం చెరువు ప్రసిద్ధమైనది. ఇరవైయొక్క అర్ధచంద్రాకారపు రాతి కమానులను పక్కపక్కన నిలబెట్టి కట్టిన ఈ ఆనకట్ట నేటికీ ఇంజనీర్లకు ఆశ్చర్యం కలిగిస్తున్నది. 1799లో శ్రీరంగపట్నం పతనమై టిప్పు సుల్తాను నేలకొరిగినప్పుడు, ఇంగ్లీషువారి పక్షాన నిలిచిన నిజాం సేనలతో వెళ్ళిన మీర్ ఆలానికి వచ్చిన యుద్ధధనమే ఈ చెరువుకు పెట్టుబడి అయిందని చెబుతారు. ఒక స్వతంత్ర రాజ్యపు కొల్లసొమ్ము మరో పరాధీన రాజ్యపు తాగునీరైంది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వాన రెసిడెన్సీమీద దాడి చేసిన నగర ప్రజలు ఈ పరాధీనతను గుర్తించినవారే. మౌల్వీని అండమాన్‌కు పంపారు, తుర్రేబాజ్ ఖాన్‌ను చంపారు. నగర చరిత్రలో వారికి దక్కిన స్థలం కోఠీలో ఒక చిన్న స్మారక స్తంభం, ఒక వీధి పేరు.

3

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద గురించి హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. నది ఒక్క రాత్రిలో పొంగి అఫ్జల్ గంజ్, కోల్సావాడి ప్రాంతాలను ముంచివేసింది. నదిమీది నాలుగు వంతెనల్లో మూడు కొట్టుకుపోయాయి. మిగిలింది పురానాపూల్ ఒక్కటే. చనిపోయినవారు సుమారు 15 వేల మంది అని సాధారణంగా చెప్పే అంచనా. అంతకంటె ఎక్కువ చెప్పినవారూ వున్నారు. 1901 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా 4 లక్షల 48 వేలు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ వున్నది.

ఈ వరదను ప్రకృతి వైపరీత్యం అంటారు. వాన ప్రకృతిదే, అందులో సందేహం లేదు. అది అసాధారణమైన వాన. ఐతే మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిపించగా వచ్చి పరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్కలను చదివితే మరో సంగతి తెలుస్తుంది. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు, అంటే దాదాపు చదరపు మైలుకు ఒక చెరువు, వుండేవి. ఆ రెండు రోజుల్లో వాటిలో 221 తెగిపోయాయి. గొలుసుకట్టులో ఒకటి తెగితే దాని కిందివి వరసగా తెగుతాయని పైన చెప్పుకున్నాం. నగరంమీద పడింది వాననీరు ఒక్కటే కాదు, తెగిన చెరువుల నీరు కూడా.

చెరువు కట్ట గట్టిగా వుండాలంటే ఏటా మరమ్మతు జరగాలి. దానికి డబ్బు కావాలి, ఊరికి అధికారం కావాలి. నిజాం రాజ్యంలో సుమారు పదోవంతు భూమి సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత కమతం. సుమారు మూడోవంతు జాగీర్దార్ల, పాయిగాల చేతిలో వుండేది. పండిన పంటలో భాగం నగరంలోని దేవిడీలకు చేరేది. వెట్టి మాత్రం ఊళ్ళో మిగిలేది. రైతు మిగులంతా రాజధానికి తరలిపోయే వ్యవస్థలో ఊరి చెరువుకు పూడిక ఎవరు తీస్తారు? 1908 నాటి వరద తీవ్రతకు ఇది ఒక్కటే కారణమని నేననడం లేదు. పల్లె చెరువును విస్మరించి పట్టణపు మహలును పోషించిన ఆర్థిక వ్యవస్థకు, ఆ పల్లె చెరువే కట్ట తెంచుకుని పట్టణంమీదికి వచ్చిన సంఘటనకు సంబంధం వున్నదని మాత్రం అంటున్నాను. ఐతే ఆ నీరు మెరకమీది మహళ్ళను వదిలి పల్లంలోని పెంకుటిళ్ళను, మట్టిగోడలను ముంచింది.

విశ్వేశ్వరయ్య సూచనమీద మూసీకి అడ్డంగా ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీకి అడ్డంగా హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మనం గండిపేట అని పిలుచుకునే ఉస్మాన్ సాగర్ నుంచి ఏ యంత్రమూ లేకుండా, నేల వాలు ఆధారంగానే నగరానికి మంచినీరు వచ్చింది. ఇది నిస్సందేహంగా గొప్ప పని. ఒకే నిర్మాణం వరదనూ ఆపింది, దాహాన్నీ తీర్చింది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ మురికివాడలను తొలగించి, వెడల్పు రోడ్లు వేసి, కార్మికులకు కొన్ని ఇళ్ళు కూడా కట్టింది. నదీతీరాన హైకోర్టు, సిటీ కాలేజి, ఉస్మానియా ఆస్పత్రి లేచాయి. ఇప్పటికీ నగరంలో అందమైన భవనాలు అవే. ఐతే జలాశయాల కింద పొలాలు పోగొట్టుకున్న రైతులు ఎక్కడికి పోయారో, తొలగించిన వాడల జనం ఎక్కడ స్థిరపడ్డారో ఆ ఘనతను వర్ణించే పుస్తకాల్లో దొరకదు.

4

హైదరాబాదు మరో ముఖం కార్మికులది. ముషీరాబాదు, ఆజమాబాదు, సనత్‌నగర్‌లలో మిల్లులూ ఫ్యాక్టరీలూ పెరిగాయి. వరద వచ్చిన 1908లోనే మెదక్ జిల్లా ఆందోలులో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవిగానే కాక, ఈ ఫ్యాక్టరీ కార్మికుల నాయకుడుగా నగరంలో నిలిచాడు. అభ్యుదయ సాహిత్యోద్యమంలో ఆయన స్థానాన్ని గురించి ఈ పాఠకులకు నేను చెప్పవలసిన పని లేదు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి గుండెకాయ అయిన నల్లగొండ జిల్లా మూసీ దిగువ ప్రాంతం. దొరల గడీల్లో పోగైన ధాన్యం నగరానికి వచ్చే దారిలో రైతు ఎదురుతిరిగిన చోటు అది. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1956 నవంబరు 1న హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ రాజధాని అయింది. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ రాజధాని. పదేళ్ళ ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో తీరిపోయింది.

జాగీర్లు రద్దయిన తర్వాత దూరపు మిగులును రాజధాని లాక్కునే పద్ధతి ఆగిందా? రూపం మారింది. తొలి దశాబ్దాల్లో ప్రభుత్వరంగ పరిశ్రమలు వచ్చాయి. అది ముందడుగు. వేలాది కార్మిక కుటుంబాలకు స్థిరమైన జీవనం దొరికింది. 1961లో శంకుస్థాపన జరిగి, సోవియట్ సహాయంతో నిర్మాణమైన ఐడిపిఎల్ మందుల ఫ్యాక్టరీ దేశానికి చవకగా మందులు ఇచ్చింది. అక్కడ పని నేర్చుకున్న సాంకేతికులతోనే తర్వాత ప్రైవేటు మందుల పరిశ్రమ పెరిగింది. 1970ల నుంచి పటాన్‌చెరు, జీడిమెట్ల ప్రాంతాల్లో ఆ పరిశ్రమ విస్తరించింది. దాని వ్యర్థజలాలు నక్కవాగులోకి, చెరువుల్లోకి, బోరుబావుల్లోకి చేరాయి. అక్కడి రైతుల తరఫున వ్యాజ్యం 1990లో సుప్రీం కోర్టుకు వెళ్ళింది. అది తేలేందుకు పాతికేళ్ళకు పైగా పట్టింది. 2007లో ప్రచురితమైన ఒక స్వీడిష్ శాస్త్రజ్ఞుల పరిశోధన, పటాన్‌చెరులో శుద్ధిచేసి వదిలిన వ్యర్థజలంలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే సూక్ష్మజీవనాశక ఔషధం మనిషి రక్తంలో వుండే చికిత్సాస్థాయిని మించి వున్నదని వెల్లడించింది. రోగాన్ని నయం చేయవలసిన మందు నీటిలో కలిసి, మందుకు లొంగని క్రిములను పెంచే పరిస్థితి వచ్చింది. మందు ప్రపంచానికి అమ్ముడుపోతుంది, లాభం యజమానికి చేరుతుంది, వ్యర్థం పటాన్‌చెరు రైతు బావికి చేరుతుంది.

నగరపు దాహం కూడా ఇలాగే దూరదూరాలకు చేయి చాచింది. గండిపేట చాలలేదు. 1965లో మంజీర, తర్వాత సింగూరు, 2004లో నాగార్జునసాగర్ జలాశయం నుంచి కృష్ణ, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు తెచ్చారు. గోదావరి నీరు సుమారు 186 కిలోమీటర్లు గొట్టాల్లో ప్రయాణం చేస్తుంది. సింగూరు నీటి కోసం మెదక్ రైతులు ఎన్నోసార్లు ఆందోళన చేశారు. ఫ్లోరైడు నీరు తాగి ఎముకలు వంకరపోయిన నల్లగొండ జిల్లా మీదుగా కృష్ణాజలం నగరానికి తరలివచ్చింది. ఆ నీరే వాడకం తర్వాత మురుగై మూసీలో కలిసి మళ్ళీ నల్లగొండ జిల్లాకే పోతుంది. పీర్జాదిగూడ దాటిన తర్వాత మూసీ వెంబడి రైతులు ఆ నీటితోనే గడ్డి పెంచుతారు, వరి పండిస్తారు. వేరే నీరు లేదు గనుక. మంచినీరు ఆ జిల్లా దాటి వస్తుంది, మురుగునీరు ఆ జిల్లాకు పోతుంది. రాజధానికీ పల్లెకూ మధ్య వున్న సంబంధాన్ని ఇంతకంటె స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు కనిపించలేదు.

5

1990ల తర్వాత నగరంలో భూమే ప్రధాన సరుకైంది. 1998లో హైటెక్ సిటీ ప్రారంభమైంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. 2011 జనాభా లెక్కల నాటికి మహానగరపాలక సంస్థ పరిధిలోనే సుమారు 68 లక్షల మంది నివసిస్తున్నారు. పంట లేని చోట చెరువుకు విలువ లేదు. చెరువు కింద ఆయకట్టు ప్లాట్లుగా మారితే, నీరటికాడికి పని లేదు. అప్పుడు చెరువు కూడా ఇంకా అమ్మని ప్లాటు అయిపోతుంది. ఇదీ చెరువుల ధ్వంసానికి మూలకారణం. మనుషుల దురాశ అని నీతులు చెప్పి వదిలేయడం సరిపోదు. భూమిని ఉత్పత్తి సాధనంగా కాక సట్టావస్తువుగా మార్చిన ఆస్తి సంబంధాలను చూడాలి.

మా విద్యార్థులను నేను అప్పుడప్పుడు అడుగుతుంటాను: మాసబ్ ట్యాంక్‌లో ట్యాంక్ ఎక్కడ? తలాబ్‌కట్టలో తలాబు ఏది? ఎవరూ చూడలేదు. మా సాహెబా తవ్వించిన చెరువు పోయి పేరు మిగిలింది. బంజారాహిల్స్‌లో బంజారాలు ఎక్కడ అని అడిగినా అదే జవాబు. పేరు మిగిలిందంటే అక్కడొక జీవనం వుండేదని అర్థం. ఎప్పుడు, ఎవరి ఉత్తర్వుమీద, ఎవరి పేర పట్టా అయి అది పోయిందో వెతికితే ప్రతి పేరు వెనకా ఒక రెవెన్యూ దస్త్రం వుంటుంది.

ఫలితం వానాకాలంలో కనిపిస్తుంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన కురిసి, హుస్సేన్ సాగర్‌కు వచ్చే, దాని నుంచి పోయే నాలాల పక్క బస్తీలు మునిగాయి. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువుమీద దీపాలంకరణతో తీగల వంతెన ప్రారంభమైంది. వచ్చే నెల 13న వచ్చిన వానకు పాతబస్తీ దక్షిణ శివారులో పల్లె చెరువు కట్ట తెగి అల్ జుబైల్ కాలనీ మునిగింది. కొద్ది రోజులకు గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది. 1908లో తెగినవి చెరువులే, 2020లో తెగినవీ చెరువులే. నూటపన్నెండేళ్ళ విజ్ఞాన శాస్త్రం తీగల వంతెనకు చేరింది గాని పల్లె చెరువు కట్టకు చేరలేదు.

ఇక్కడ ఆక్రమణల ప్రశ్న వస్తుంది. దీనిమీద మన మిత్రులలో కూడా తికమక వున్నది. పర్యావరణాన్ని కాపాడాలంటే నది పొడుగునా వున్న గుడిసెలు తీయవలసిందే కదా అని కొందరు అంటారు. పేదల ఇళ్ళు తీయకూడదంటే నది బాగుపడదు కదా అని మరికొందరు. ఈ రెండు మాటలూ ఒకే పొరపాటులో నుంచి పుడుతున్నాయని నా అభిప్రాయం. ఆక్రమణ అంతా ఒకటే అనుకోవడమే ఆ పొరపాటు.

నది పక్కన రేకుల ఇల్లు వేసుకున్న కూలీ అక్కడికి ఎందుకు వచ్చాడు? అద్దె కట్టలేక. అతడు వరద మొదట తాకేది తననేనని తెలిసికూడా వచ్చాడు. నగరం కట్టిన పాలమూరు వలస కూలీకి నగరంలో దొరికిన స్థలం ఇదే. ఎగువన జలాశయాల పరిధిలో విందుగృహాలు, కళాశాలలు, విల్లాలు కట్టినవాడు ఎందుకు వచ్చాడు? అక్కడ నిషేధం వల్ల భూమి చవక, నిషేధం ఎత్తివేస్తే వందరెట్లు విలువ. మొదటివాడిది బ్రతుకు అవసరం, రెండవవాడిది పెట్టుబడి. మొదటివాడు నదికి చేసే హాని అతడి ఇంటి మురుగంత. రెండవవాడు నది పుట్టే చోటునే మూసివేస్తాడు.

ప్రభుత్వాలు ఈ ఇద్దరితో ఎలా వ్యవహరించాయి? 1996 మార్చిలో 111వ నంబరు ఉత్తర్వు ద్వారా ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో పరిశ్రమలనూ పెద్ద కట్టడాలనూ నిషేధించారు. అది మంచి ఉత్తర్వు. దాన్ని ఉల్లంఘించిన కట్టడాలు పాతికేళ్ళపాటు పెరిగాయి. చివరకు 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలను తొలగిస్తూ మరో ఉత్తర్వు వచ్చింది. నగరం ఇప్పుడు ఆ జలాశయాల నీటిమీద ఆధారపడి లేదు గనుక ఆంక్షలు అక్కరలేదన్నారు. వరదను ఆపడానికే వాటిని ముందుగా కట్టారన్న సంగతి ఆ వాదంలో మాయమైంది. 2024 సెప్టెంబరు చివర మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల గోడలమీద ఎర్రరంగుతో 'ఆర్‌బి-ఎక్స్' అని గుర్తులు వేశారు. కొద్ది రోజుల్లో ఇళ్ళు కూల్చడం మొదలైంది. కొన్ని కుటుంబాలకు దూరంగా రెండు పడకగదుల ఇళ్ళు ఇచ్చారు. ఇల్లు ఇచ్చారు సరే, ఇళ్ళల్లో పనిచేసే స్త్రీకి పని వున్న వీధి, పిల్లవాడికి బడి వున్న వీధి ఎంత దూరమో ఎవరూ లెక్కవేయలేదు. ఎగువన పాతికేళ్ళ ఓపిక, దిగువన పాతిక రోజుల గడువు. ఇది చట్టంలో వున్న తేడా కాదు, వర్గంలో వున్న తేడా.

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో జరిగినదీ ఈ కోవకే చెందుతుంది. కంచ అంటే పశువుల మేతకు వదిలిన బీడు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాల ఈ బీడులో రాళ్ళు, తుప్పలు, చెట్లు, నీటిగుంటలు, జింకలు, నెమళ్ళు వున్నాయి. వేలానికి సిద్ధం చేయడానికి సెలవు రోజుల్లో యంత్రాలు వచ్చి చెట్లు కూల్చాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు, అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీం కోర్టు పని నిలిపివేసింది. ఆ విద్యార్థులు కాపాడినది తమ చదువుకు పనికివచ్చే ఉద్యానవనాన్ని మాత్రమే కాదు. నేల వాన తాగే చోటును, కింది చెరువులకు నీరందించే మెరకను కాపాడారు. ఐతే ఒక్క మాట. కంచకోసం నిలిచిన విద్యార్థి మూసానగర్ గుడిసెకోసం కూడా నిలిచినప్పుడే ఈ పోరాటానికి పూర్తి అర్థం వస్తుంది. లేకుంటే పాలకులు ఒకచోట చెట్టు పేరుతో పేదవాణ్ణి, మరోచోట పేదవాడి ఉపాధి పేరుతో చెట్టును కూల్చుతూనే వుంటారు.

6

దీనినుంచి మనం చేయవలసిన పనులు ఏమిటి? నా దృష్టిలో మూడు. మొదటిది చరిత్ర పని. నగరంలోని ప్రతి బస్తీకీ పాత చెరువుల, నాలాల పటాన్ని విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిసి తయారుచేయాలి. రెవెన్యూ పటాలు, పెద్దవాళ్ళ జ్ఞాపకాలు, వీధుల పేర్లు ఇందుకు ఆధారాలు. ఏ చెరువు ఎప్పుడు ఎవరి చేతికి మారిందో రాతపూర్వకంగా తేలితే, ఆక్రమణ అనే మాటకు నిజమైన అర్థం బయటపడుతుంది. ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు.

రెండవది, నదిని బాగుచేసే ఏ పథకానికైనా మనం ఒక వరసను పట్టుబట్టి అడగాలి. ముందు ఎగువ జలాశయాల పరిధిలోని పెద్ద కట్టడాలు, తర్వాత పరిశ్రమల వ్యర్థాలు, తర్వాత రోజుకు నూరుకోట్ల లీటర్లకు మించిన నగరపు మురుగు శుద్ధి, అన్నిటికంటె చివర, అదీ నివాసానికీ ఉపాధికీ దగ్గరలోనే ప్రత్యామ్నాయం చూపిన తర్వాత, ఒడ్డున వున్న పేదల ఇళ్ళు. ఇప్పుడు ఈ వరస తలకిందులుగా నడుస్తున్నది.

మూడవది, నగరంలోని ఉద్యమం దిగువన నల్లగొండ రైతుతో, ఎగువన వికారాబాదు, రంగారెడ్డి రైతులతో చేయి కలపాలి. మూసీ పుట్టుకనుంచి వాడపల్లి దాకా ఒకే నది. దాన్ని ముక్కలు చేసి, నగరంలో పడే ముక్కకు మాత్రం అందాలు దిద్దితే, ఎగువ రైతు భూమి పోతుంది, దిగువ రైతుకు మురుగు మిగులుతుంది. గొలుసుకట్టు చెరువులను కట్టిన మన పూర్వుల కూలిజనానికి ఈ సంగతి తెలుసు. పైకట్ట తెగితే కిందికట్ట నిలవదని తెలిసే వాళ్ళు ఊరూ ఊరూ కలిసి పూడిక తీశారు. ఆ ఐక్యత నేడు రాజకీయ రూపం ధరించాలి. అది జరగనంతకాలం ప్రతి వానాకాలంలోనూ మొదట మునిగేది పల్లంలో వున్నవాడి ఇల్లే.